ఇంజన్లు ఆగిన విమానం ఎంత దూరం వెళ్తుంది?

ఢిల్లీ నుంచి శంషాబాద్ వచ్చే విమానం దాదాపు నిర్మల్ దరిదాపుల్లోకి వచ్చేసరికి ఇంజన్ల శబ్దంలో తేడా వినిపిస్తుంది. అప్పటిదాకా ఏకబిగిన వస్తున్న హోరు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. ముక్కు కొంచెం కిందికి వాలుతుంది, చెవులు దిబ్బళ్లు పడతాయి. కొత్తగా విమానం ఎక్కినవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే. నిజానికి అప్పుడు జరిగింది చాలా మామూలు విషయం. పైలట్లు, లేదా వాళ్ల తరఫున కంప్యూటర్, ఇంజన్లను ‘ఐడిల్’కు తెచ్చేశారు. ఇంజన్లు తిరుగుతూనే ఉంటాయి కానీ విమానాన్ని ముందుకు నెట్టే పని దాదాపు మానేస్తాయి. నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు మధ్యలో ఎక్కడా ఆపకపోతే అక్కడి నుంచి రన్‌వే దగ్గరపడేదాకా విమానం చాలావరకు జారుకుంటూనే వస్తుంది.

దీనికి పైలట్ల దగ్గర ఒక నోటిలెక్క ఉంది. ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు 3 నాటికల్ మైళ్లు. 36,000 అడుగుల్లో ఎగురుతున్న విమానం 108 నాటికల్ మైళ్ల ముందే, అంటే సుమారు 200 కిలోమీటర్ల దూరంలోనే, దిగడం మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే ఎత్తు మిగిలిపోతుంది, దాన్ని వదిలించుకోవడానికి రెక్కల మీది స్పాయిలర్లు లేపి గాలికి అడ్డం పెట్టాల్సి వస్తుంది. అంటే రోజూ వేలాది విమానాల్లో పైలట్లకు ఉండే ఇబ్బంది విమానం పడిపోతుందని కాదు, అనుకున్నంత తొందరగా దిగదని.

అందుకే “గాల్లో ఇంజన్లన్నీ ఆగిపోతే ఏమవుతుంది?” అన్న ప్రశ్నకు సినిమాల్లో చూపించే జవాబు తప్పు. విమానం రాయిలా రాలిపోదు. అలాగని ప్రతిసారీ క్షేమంగా దిగుతుందనీ కాదు. ఆ క్షణంలో ఎంత ఎత్తు ఉంది, ఆ ఎత్తును పైలట్లు ఎలా వాడుకున్నారు అన్న రెండింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

విమానాన్ని గాల్లో నిలబెట్టేది ఇంజను కాదు, రెక్క. రెక్క తగినంత వేగంతో గాలిని చీల్చుకుంటూ వెళ్తున్నంతసేపూ పైకి లేపే బలం, అంటే లిఫ్ట్, పుడుతూనే ఉంటుంది. వెళ్తున్న వేగాన్ని గాలి వెనక్కి లాగుతుంది. అది డ్రాగ్. ఆ డ్రాగ్‌ను పూడ్చి వేగాన్ని నిలబెట్టడమే ఇంజను పని. ఇంజను ఆగితే ఆ పనిని భూమి ఆకర్షణకు అప్పగించవచ్చు. ముక్కు కొంచెం వంచితే విమానం ఎత్తు కోల్పోతూ వేగం నిలుపుకుంటుంది. తొక్కడం ఆపేసిన సైకిల్ దిగుడు రోడ్డు మీద సాగిపోవడం లాంటిదే ఇదీ. లిఫ్ట్ డ్రాగ్‌కు ఎన్ని రెట్లు ఉంటే, ఒక కిలోమీటరు ఎత్తు కోల్పోయేలోపు విమానం అన్ని కిలోమీటర్లు ముందుకు వెళ్తుంది. దీన్నే గ్లైడ్ రేషియో అంటారు.

ఇప్పటి జెట్ విమానాలకు ఇది సుమారు 15 నుంచి 20 మధ్య ఉంటుంది. 17 అనుకుంటే, 11 కిలోమీటర్ల ఎత్తు నుంచి గాలి ప్రభావం లేనప్పుడు 187 కిలోమీటర్లు. ఫ్లయింగ్ క్లబ్బుల్లో కనిపించే చిన్న సెస్నా 172కు ఇది 9 దగ్గర ఉంటుంది. మంచి సెయిల్‌ప్లేన్లు, అంటే ఇంజను లేని గ్లైడర్లు, 50 దాటిపోతాయి. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే స్పేస్ షటిల్‌కు నాలుగున్నర మాత్రమే ఉండేది. అయినా అది ఇంజన్ల సాయం లేకుండానే, రెండో ప్రయత్నానికి అవకాశం లేకుండా, ఏళ్ల తరబడి రన్‌వేల మీద దిగింది. హెలికాప్టర్ కూడా ఇంజను ఆగితే వెంటనే పడిపోదు. కింది నుంచి వచ్చే గాలి రోటర్‌ను తిప్పుతూనే ఉంటుంది, నేల దగ్గరకు వచ్చాక ఆ తిరుగుడు శక్తినే వాడుకుని మెల్లగా దించవచ్చు.

శిక్షణలో ఉన్న పైలట్లు కూడా మొదట నమ్మని విషయం ఒకటుంది. గ్లైడ్ రేషియో విమానం బరువు మీద ఆధారపడదు. నిండుగా ఉన్న విమానమూ, ఖాళీ విమానమూ ఒకే ఎత్తు నుంచి జారితే గాలి లేనప్పుడు ఒకే దూరం వెళ్తాయి. బరువున్నది ఎక్కువ వేగంతో వెళ్లి త్వరగా చేరుతుంది, తేలికైనది నెమ్మదిగా చేరుతుంది. పోటీల్లో పాల్గొనే గ్లైడర్ పైలట్లు రెక్కల్లో నీళ్లు నింపుకుని బయల్దేరేది ఇందుకే. దూరం తగ్గకుండా వేగం పెరుగుతుంది. దిగేముందు ఆ నీళ్లు వదిలేస్తారు.

బరువు దూరాన్ని మార్చదు కానీ పైలట్ చెయ్యి మారుస్తుంది. ప్రతి విమానానికీ, ఆ బరువుకు, ఒక ‘బెస్ట్ గ్లైడ్ స్పీడ్’ ఉంటుంది. దానికంటే వేగంగా వెళ్తే గాలి రాపిడి పెరుగుతుంది. దానికంటే నెమ్మదిగా వెళ్తే, లిఫ్ట్ పుట్టించడానికి రెక్క ఎక్కువ కోణంలో నిలబడాల్సి వచ్చి, మరో రకం డ్రాగ్ పెరుగుతుంది. రెండూ కలిపి అతి తక్కువగా ఉండే వేగం దగ్గరే విమానం అత్యధిక దూరం వెళ్తుంది. ఎదురుగాలి ఉంటే కొంచెం వేగం పెంచాలి, వెనకగాలి ఉంటే కొంచెం తగ్గించాలి.

కాగితం మీద ఇది తేలిగ్గానే ఉంటుంది. కాక్‌పిట్‌లో మాత్రం మనిషి శరీరమే దీనికి ఎదురు తిరుగుతుంది. ఇంజను ఆగింది, ఎంచుకున్న పొలం ఇంకా దూరంగా ఉంది, ముందున్న చెట్లు పైపైకి వస్తున్నట్టు కనిపిస్తున్నాయి. చెయ్యి దానంతటదే కంట్రోల్‌ను వెనక్కి లాగేస్తుంది. ముక్కు పైకి లేస్తుంది. రెండు మూడు సెకన్లపాటు ఇది పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. వేగం ఎత్తుగా మారి దిగుడు తగ్గుతుంది. ఆ వెంటనే వేగం పడిపోతుంది, డ్రాగ్ పెరుగుతుంది, విమానం ముందటికంటే ఎక్కువగా కుంగడం మొదలవుతుంది. ఇంకా లాగితే గాలికి, రెక్కకు మధ్య కోణం 15 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చి గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది. అదే స్టాల్. జారుతూ దిగాల్సిన విమానం అప్పుడు నిజంగానే పడిపోతుంది. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు పదే పదే చెప్పే మాట ఒకటే. గ్లైడ్‌ను సాగదీయలేం. పొలం అందదనిపిస్తే ఇంకాస్త దగ్గరున్న దాన్ని ఎంచుకోవాలి తప్ప ముక్కు ఎత్తకూడదు. హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఒకే ఇంజనున్న పిలాటస్ పీసీ-7 మీద ఎగరడం మొదలుపెట్టే క్యాడెట్లయినా, చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో సెస్నా నేర్చుకునేవాళ్లయినా, ఇంజను పోయినట్టు అనుకుని దిగడం సాధన చేయాల్సిందే. ముందు విమానాన్ని ఎగరనివ్వాలి, తర్వాత ఎటు వెళ్లాలో చూసుకోవాలి, ఆ తర్వాతే రేడియోలో మాట్లాడాలి. ఈ వరస తప్పినందుకు ప్రాణాలు పోయిన సందర్భాలు విమానయాన చరిత్రలో చాలా ఉన్నాయి.

ఎత్తు ఉంటే ఏం చేయవచ్చో చూపించిన ఘటన 1982 జూన్ 24న జరిగింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9వ నంబరు విమానం, బోయింగ్ 747, లండన్ నుంచి బొంబాయి, మద్రాసు, కౌలాలంపూర్, పెర్త్ మీదుగా ఆక్లాండ్ వెళ్లే సర్వీసు. కౌలాలంపూర్ నుంచి పెర్త్ వెళ్తుండగా రాత్రిపూట ఇండోనేషియాలోని జావా దగ్గర, 37,000 అడుగుల ఎత్తులో, కాక్‌పిట్ అద్దాల మీద నీలిరంగు మెరుపులు ఆడాయి. క్యాబిన్‌లోకి గంధకం వాసన, పొగ వచ్చాయి. కాసేపట్లో నాలుగు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులకు చేసిన ప్రకటన ఇప్పటికీ పైలట్లు చెప్పుకుంటారు. చిన్న సమస్య వచ్చిందని, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయని, వాటిని మళ్లీ నడిపించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నామని, మీరు మరీ కంగారు పడటం లేదని ఆశిస్తున్నానని.

ఆ ఎత్తు నుంచి 747 సుమారు 23 నిమిషాలపాటు 169 కిలోమీటర్లు జారగలదు. మూడీ బృందం ఆ సమయాన్ని రీస్టార్ట్ ప్రయత్నాలకు వాడుకుంది. మధ్యలో కో-పైలట్ ఆక్సిజన్ మాస్కు ఊడిపోయింది. ఇంజన్లు లేక క్యాబిన్‌లో గాలి పీడనం తగ్గుతోంది. కెప్టెన్‌కు రెండే దారులు. ఎత్తును కాపాడుకుంటే సమయం మిగులుతుంది, కానీ పక్కనున్న సహచరుడు స్పృహ కోల్పోవచ్చు. మూడీ విమానాన్ని వేగంగా కిందికి దించి 6,000 అడుగుల ఎత్తును వదులుకున్నాడు. జావా పర్వతాలు దాటడానికి కనీసం 11,500 అడుగులు కావాలి. అది అందకపోతే సముద్రంలోనే దిగాలని నిర్ణయించుకున్నారు. 13,500 అడుగుల దగ్గర నాలుగో ఇంజను అందుకుంది. కాసేపటికి మిగతావీ తిరిగాయి.

ఆ దిగడమే ఇంజన్లను బతికించింది. గాలున్‌గుంగ్ అగ్నిపర్వతం కక్కిన బూడిద ఇంజన్లలోకి వెళ్లి, లోపలి వేడికి గాజులా కరిగి టర్బైన్ భాగాలకు అతుక్కుపోయింది. ఇంజన్లు ఆగి చల్లబడ్డాక ఆ పూత పెళుసుబారి ఊడిపోయింది. విమానం బూడిద మేఘంలోంచి కిందికి, శుభ్రమైన గాలిలోకి వచ్చింది. అప్పుడే మంట మళ్లీ పట్టుకుంది. బూడిద పొడిగా ఉంటుంది కాబట్టి, నీటిని చూడటానికి తయారైన వాతావరణ రాడార్‌లో అది కనిపించలేదు. బూడిద రాపిడికి ముందు అద్దాలు ఇసుక కాగితంతో రుద్దినట్టు మసకబారి, జకార్తాలో రన్‌వే దీపాలు కూడా సరిగా కనిపించలేదు. మళ్లీ ఒక ఇంజను ఆపేయాల్సి రావడంతో మూడింటితోనే దించారు. విమానంలోని 263 మందికీ ఏమీ కాలేదు. నేడు ఏ అగ్నిపర్వతం పేలినా విమానాలకు ఆ దారి మూసేసి హెచ్చరికలు పంపే వ్యవస్థ పెరగడానికి ఈ ఘటన ఒక ముఖ్య కారణం.

మరుసటి ఏడాదే, 1983 జూలై 23న, కెనడాలో జరిగినదాన్ని మాత్రం ప్రకృతి మీదికి నెట్టలేం. ఎయిర్ కెనడా 143, కొత్త బోయింగ్ 767, మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. ఇంధనం ఎంత ఉందో చూపించే వ్యవస్థ పనిచేయలేదు. ట్యాంకుల్లో పుల్లలాంటి కొలతతో చూస్తే 7,682 లీటర్లు తేలింది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. అప్పుడే కెనడా మెట్రిక్ కొలతల్లోకి మారుతోంది, ఆ సంస్థలో కిలోల్లో లెక్కించే మొదటి విమానం ఈ 767. లీటర్లను బరువులోకి మార్చడానికి 1.77తో గుణించారు. ఒక లీటరు జెట్ ఇంధనం 1.77 పౌండ్లు ఉంటుంది, కిలోల్లో అయితే 0.8 మాత్రమే. 7,682ను 1.77తో గుణిస్తే వచ్చే 13,597 పౌండ్లను కిలోలు అనుకున్నారు. మరో 4,916 లీటర్లు పోస్తే చాలని లెక్క తేలింది. నిజానికి పోయాల్సింది 20,000 లీటర్ల పైమాటే. ఒట్టావాలో మళ్లీ కొలిచినప్పుడూ అదే 1.77తో గుణించారు కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపించింది. తప్పు అంకెతో ఎన్నిసార్లు సరిచూసినా తప్పు బయటపడదు.

ఒక మనిషి అజాగ్రత్త అని దీన్ని తేల్చేయడం అన్యాయం. పాత విమానాల్లో మూడో వ్యక్తిగా ఫ్లైట్ ఇంజనీర్ ఉండేవాడు, ఇంధనం లెక్క అతని పని. ఇద్దరే పైలట్లుండే 767 వచ్చాక ఆ పని ఎవరిదో స్పష్టంగా ఎవరికీ అప్పగించలేదు. మనుషులను తగ్గించినప్పుడు వాళ్ల బాధ్యతలు ఎక్కడికి వెళ్లాయో చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

41,000 అడుగుల ఎత్తులో మొదటి హెచ్చరిక మోగింది. ఇంధన పీడనం తక్కువగా ఉందని. పంపు చెడిపోయిందనుకున్నారు. రెండోది మోగగానే విన్నిపెగ్ వైపు తిరిగారు. ఎడమ ఇంజను ఆగింది, తర్వాత కుడిది ఆగింది. వెంటనే తెరలన్నీ చీకటైపోయాయి. 767లో పరికరాలు చాలావరకు తెరల మీదే ఉంటాయి, వాటికి కరెంటు ఇచ్చేది ఇంజన్లే. మిగిలినవి అయస్కాంత దిక్సూచి, వేగం, ఎత్తు, కృత్రిమ దిగంతం చూపించే చిన్న చిన్న గడియారాలు. కంట్రోల్స్‌ను కదిలించే హైడ్రాలిక్ పీడనం కూడా ఇంజన్ల నుంచే రావాలి. అప్పుడు విమానం పొట్ట దగ్గర్నుంచి ఒక చిన్న ఫ్యాను బయటికి వచ్చింది. దాని పేరు రామ్ ఎయిర్ టర్బైన్, పైలట్ల మాటలో ‘ర్యాట్’. ఎదురుగాలికి తిరుగుతూ హైడ్రాలిక్ పంపును నడుపుతుంది. మామూలు రోజుల్లో ప్రయాణికులెవరూ చూడని ఈ ఫ్యానే ఆ రోజు 69 మందికి ఆధారమైంది.

కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపే అలవాటు ఉంది. రెండు ఇంజన్లూ లేకుండా 767 ఏ వేగంలో బాగా జారుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. 220 నాట్లు, అంటే గంటకు 220 నాటికల్ మైళ్లు, అయి ఉంటుందని అంచనా వేసి ఆ వేగం పట్టుకున్నాడు. కో-పైలట్ మారిస్ క్వింటల్ లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఎత్తు పాత గడియారంలో చూసి, దూరం విన్నిపెగ్ కంట్రోలర్లు రాడార్‌లో కొలిచి చెబితే విని. 10 నాటికల్ మైళ్లకు 5,000 అడుగులు పోతున్నాయి. అంటే రేషియో 12. విన్నిపెగ్ అందదు. క్వింటల్‌కు గిమ్లీ గుర్తొచ్చింది, ఎయిర్ ఫోర్స్‌లో ఉండగా తాను పనిచేసిన స్థావరం. అది మూతపడి, ఒక రన్‌వే కార్ల రేసింగ్ ట్రాక్‌గా మారిందని, ఆ శనివారం అక్కడ జనం కుటుంబాలతో సహా ఉన్నారని కాక్‌పిట్‌లో ఎవరికీ తెలియదు.

హైడ్రాలిక్స్ చాలవు కాబట్టి చక్రాలను వాటి బరువుతోనే కిందికి వదిలారు. ముందు చక్రం లాక్ కాలేదు. ఇప్పుడు ఎదురైంది ఇందాకటి సమస్యకు పూర్తిగా తలకిందులు. విమానం మరీ ఎత్తులో ఉంది. దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే ఫ్లాప్స్ రావు, స్పాయిలర్లు లేవు. చుట్టూ ఒక తిరుగు తిరిగి వద్దామంటే ఎత్తు సరిపోదు. పియర్సన్ గ్లైడర్ పైలట్లు చేసే పని చేశాడు. తోక మీది రడ్డర్‌ను ఒక వైపు, రెక్కల మీది ఏలెరాన్లను దానికి ఎదురు వైపు పూర్తిగా తిప్పి, విమానాన్ని పక్కకు వాల్చి ఏటవాలుగా ఎగరనిచ్చాడు. దీన్ని సైడ్‌స్లిప్ అంటారు. విమానం పక్కభాగం గాలికి అడ్డం వచ్చి డ్రాగ్ ఒక్కసారిగా పెరుగుతుంది, వేగం పెరగకుండానే ఎత్తు కరిగిపోతుంది. ఒక వైపు కిటికీల్లో ఆకాశం, మరో వైపు కిటికీల్లో నేల. చిన్న విమానాల్లో ఇది మామూలే, అంత పెద్ద ప్యాసింజర్ జెట్‌లో ఎవరూ ఊహించరు. పైగా వేగం తగ్గేకొద్దీ ర్యాట్ నెమ్మదించి కంట్రోల్స్ బిగుసుకుపోతున్నాయి. నేలకు దగ్గరగా వచ్చేదాకా అలాగే పట్టుకుని చివర్లో నిటారు చేశాడు. చక్రాలు తగిలాయి, టైర్లు పేలాయి, లాక్ కాని ముందు చక్రం మడతపడి ముక్కు నేలను రాసుకుంటూ విమానాన్ని ఆపింది. ఆ రాపిడి లేకపోతే ట్రాక్ మీది జనం దాకా వెళ్లేదేమో. ఇంధనం అయిపోయిన 17 నిమిషాలకు అంతా క్షేమంగా నేల మీద ఉన్నారు. ముక్కు కిందికి వాలి తోక పైకి లేవడంతో వెనక జారుడు బల్లలు నిట్టనిలువుగా అయి, దిగేటప్పుడు కొందరికి చిన్న దెబ్బలు తగిలాయి. అంతే. ఆ విమానాన్ని బాగుచేసి 2008 దాకా నడిపారు.

జారడంలో రికార్డు మాత్రం ఎయిర్ ట్రాన్సాట్ 236ది. 2001 ఆగస్టు 24న టొరాంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్‌బస్ ఎ330 అట్లాంటిక్ మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ కోల్పోయింది. ఇంజను మార్చినప్పుడు సరిపోలని విడిభాగం బిగించడంతో ఇంధన గొట్టం రాపిడికి పగిలింది. పైలట్లకు కనిపించిన మొదటి లక్షణం చాలా వింతది. కుడి ఇంజను ఆయిల్ ఉష్ణోగ్రత తగ్గింది, పీడనం పెరిగింది. కంప్యూటర్ పొరపాటనుకున్నారు. తర్వాత రెండు వైపుల ట్యాంకుల మధ్య తేడా వచ్చిందని హెచ్చరిక వస్తే, చెక్‌లిస్ట్ తీయకుండా జ్ఞాపకం మీదే రెండు వైపుల ఇంధనాన్ని కలిపే క్రాస్‌ఫీడ్ తెరిచారు. చెక్‌లిస్ట్‌లో లీకు అనుమానం ఉంటే ఆ పని చేయవద్దని ఉంది. మంచి ట్యాంకులోని ఇంధనం కూడా లీకయ్యే వైపుకే వెళ్లి సముద్రం పాలైంది. ఆ తర్వాత కెప్టెన్ రాబర్ట్ పిషే, కో-పైలట్ డిర్క్ డి యాగర్ 65 నాటికల్ మైళ్లు, 19 నిమిషాలు జారి, ఎత్తు ఎక్కువైతే ఒక పూర్తి చుట్టు తిరిగి, అజోర్స్ దీవుల్లోని లాజెస్ స్థావరంలో దిగారు. 306 మందీ బతికారు. ఆ పైలట్లు హీరోలా, తప్పు చేసినవాళ్లా అని చాలాకాలం వాదించుకున్నారు. రెండూ నిజమే, ఒకటి ఒప్పుకుంటే రెండోది చెల్లదనుకోవాల్సిన పనిలేదు.

ఈ మూడు కథల్లోనూ చేతిలో 30,000 అడుగులకు పైగా ఎత్తు ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిన తర్వాత తెలుగు నాట ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటే. మరి అహ్మదాబాద్‌లో ఎందుకు కుదరలేదు? అక్కడా ర్యాట్ బయటికి వచ్చింది కదా?

వచ్చింది. ప్రాథమిక దర్యాప్తు నివేదిక ప్రకారం టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే ఎయిర్ ఇండియా 171 బోయింగ్ 787 ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో కటాఫ్‌కు, అంటే ఇంధనం ఆపేసే స్థానానికి, మారాయి. ఇంజన్లు శక్తి కోల్పోయాయి. స్విచ్‌లు తిరిగి మామూలు స్థానానికి వచ్చాయి, ఒక ఇంజను కోలుకోవడం కూడా మొదలైంది. అవి ఎందుకు మారాయన్నది ఇక్కడి చర్చ కాదు. సమయం చూడాలి. శక్తి పోయిన దగ్గర్నుంచి కూలేదాకా సుమారు అర నిమిషం. ఎత్తు కొన్ని వందల అడుగులు. 17 రేషియో ఉన్నా 600 అడుగుల ఎత్తుకు సుమారు 3 కిలోమీటర్లు మించి రాదు. చక్రాలు కిందికే ఉండి, ఫ్లాప్స్ దించి ఉన్న విమానానికి అంత కూడా రాదు. ముందు రన్‌వే లేదు, భవనాలున్నాయి. జెట్ ఇంజను మళ్లీ అంటుకుని పూర్తి బలం పుంజుకోవడానికి పట్టే సమయాన్ని అంత ఎత్తు ఇవ్వలేదు. విమానంలో 241 మంది, కింద 19 మంది పోయారు. ఒక్కరే బయటపడ్డారు. బూడిద మేఘంలోంచి బయటపడిన 747కు సుమారు 23 నిమిషాలు జారే ఎత్తుంది, ఇక్కడ అదే లేదు.

దీనికి పక్కన 2008 జనవరి 17 నాటి హీత్రో ఘటన పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 38, బోయింగ్ 777. ఇంధనంలోని మంచు గడ్డలు దారికి అడ్డుపడి, 720 అడుగుల ఎత్తులో రెండు ఇంజన్లూ కావాల్సిన బలం ఇవ్వలేదు. ఎత్తు అహ్మదాబాద్ లాంటిదే, కానీ విమానం దిగుతోంది, రన్‌వే ఎదురుగానే ఉంది. కెప్టెన్ పీటర్ బర్కిల్ ఆ క్షణంలో ఫ్లాప్స్‌ను 30 నుంచి 25 డిగ్రీలకు తగ్గించాడు. డ్రాగ్ కొంచెం తగ్గి విమానం సుమారు 50 మీటర్లు అదనంగా వెళ్లింది. ఆ 50 మీటర్లే దాన్ని యాంటెన్నాల మీదుగా దాటించాయి. రన్‌వేకు సుమారు 330 మీటర్ల ముందు గడ్డిలో దిగింది. 152 మందిలో ఎవరూ చనిపోలేదు.

ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నదిలో దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549. కెనడా బాతులు తగిలి 2,800 అడుగుల దగ్గర ఎయిర్‌బస్ ఎ320 రెండు ఇంజన్లూ పోయాయి. నదిలో దిగడానికి మూడున్నర నిమిషాలు. బయల్దేరిన లాగార్డియా విమానాశ్రయానికి వెనక్కి వెళ్లగలిగేదా అని దర్యాప్తు బృందం సిమ్యులేటర్‌లో చూసింది. పక్షులు తగిలిన క్షణంలోనే తిరిగితే చేరవచ్చు. కానీ మనుషులు ఏం జరిగిందో గ్రహించి నిర్ణయం తీసుకోవడానికి 35 సెకన్లు కలిపి చూస్తే చేరలేదు. ఆ సెకన్లను లెక్కలో వేయడం న్యాయం. సిమ్యులేటర్‌లో కూర్చున్న పైలట్‌కు ఏం జరగబోతోందో ముందే తెలుసు, ఆ విమానం కెప్టెన్ సలెన్‌బర్గర్‌కు తెలియదు.

ఆ దర్యాప్తులో మరో విషయం బయటపడింది. రెండు ఇంజన్లూ పోతే చూడాల్సిన చెక్‌లిస్ట్ మూడు పేజీలు. అది 20,000 అడుగుల పైన, తీరిగ్గా చదివే సమయం ఉన్నవాళ్ల కోసం రాసింది. కో-పైలట్ జెఫ్రీ స్కైల్స్ ఎంత వేగంగా చదివినా మూడో వంతు దగ్గరే నది వచ్చేసింది. సలెన్‌బర్గర్ మాత్రం జాబితాలో ఎక్కడో కింద ఉన్న పని, తోకలోని చిన్న సహాయక ఇంజనును నడిపించడం, ముందే చేసేశాడు. దానివల్ల కరెంటు ఆగలేదు, ముక్కు మరీ పైకి లేచి స్టాల్ కాకుండా చూసే కంప్యూటర్ రక్షణలు చివరిదాకా పనిచేశాయి. తక్కువ ఎత్తులో రెండు ఇంజన్లూ పోయినప్పుడు వాడటానికి విడిగా ఒక చిన్న చెక్‌లిస్ట్ రాయాలని, పైలట్లకు ఆ సందర్భంలో శిక్షణ ఇవ్వాలని దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది.